కత్తిరించే ముందే బట్టకు గంజి పెట్టాలా? (చీరల క్విల్టు కుడుతున్నాను)

ఒహాయో వాణి
అందరికీ నమస్కారం. చెల్లెలికి పాప పుట్టింది. అమ్మవి రెండు పాత మంగళగిరి నూలు చీరలు నా దగ్గర ఉన్నాయి, ఒకటి మామిడాకు పచ్చ, ఒకటి ముదురు ఎరుపు. వాటితో పాపకు చిన్న క్విల్టు (బట్ట ముక్కలు కలిపి కుట్టే బొంత) కుట్టడం మొదలుపెట్టాను. తెల్లబట్ట మాత్రం ఇక్కడ కొత్తగా కొన్నాను. మొత్తం 8 వరుసలు, వరుసకు 8 చదరాలు. ఒక్కో చదరం రెండు త్రికోణాలు కలిపి కుట్టినది, సగం చీర, సగం తెలుపు. కుట్టు పూర్తయ్యాక చదరం 4 అంగుళాలు ఉండాలి.

లెక్క ప్రకారం ఒక్కో వరుస, రెండు చివర్లా కుట్టుకు వదిలే పావు అంగుళం మార్జిన్‌తో కలిపి 32న్నర అంగుళాలు రావాలి. మొదటిది 31 ముప్పావు వచ్చింది. రెండోది 33. రెండూ పక్కపక్కన పెడితే నాకే నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఏడుపు.

మా ఊళ్ళో క్విల్టులు కుట్టేవాళ్ళు నెలకోసారి కలుస్తారు. అక్కడ ఒక పెద్దావిడ నా చీర ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, ముందు దీనికి గట్టిగా గంజి పెట్టు, కాగితంలా అయ్యాక కత్తిరించు అన్నారు. గంజి అంటే ఉతికిన చీరకు పెట్టేది కదా, కుట్టబోయే బట్టకు ఎందుకు? నిజంగా అవసరమా, లేక ఇది అమెరికా వాళ్ళ చాదస్తమా?

గంజినీళ్ళు
చాదస్తం కాదమ్మా. మా అత్తగారు పాత చీరలతో బొంతలు కుట్టేటప్పుడు గంజి పెట్టేవారు కాదు, అది నిజమే. కానీ ఆవిడ చీరను నిలువుగా చింపి, నాలుగు మడతలు వేసి, చుట్టూ కుట్టుకుంటూ వచ్చేవారు. త్రికోణాలు, చదరాలు అనే గొడవే లేదు. నువ్వు చేస్తున్నది వేరే పని.

సూదిమొన
నేను గంజికి వ్యతిరేకిని, ముందే చెబుతున్నాను. చేత్తో కుట్టేవాళ్ళకు గంజి శత్రువు. మూడు పొరలు దాటి సూది దిగాలంటే బొటనవేలు వాచిపోతుంది. నా బొంతలన్నీ మెత్తటి పాత చీరలతోనే కుట్టాను. బట్ట జావగా ఉండటమే బొంతకు అందం.

పల్లవి టెక్సాస్
సూదిమొన గారూ, మీరు చెప్పింది చేతికుట్టుకు అక్షరాలా సరే. వాణి గారిది మిషను కుట్టు అనుకుంటాను. మిషను కింద పళ్ళు అడుగు బట్టను ముందుకు లాగుతాయి, పాదం పై బట్టను నొక్కి పడుతుంది. బట్ట మెత్తగా ఉంటే రెండు పొరలూ ఒకే వేగంతో కదలవు. గంజి ఆ జారుడును ఆపుతుంది.

వాణి గారూ, ఒక ప్రశ్న. త్రికోణాలు ముందే కత్తిరించి పెట్టుకున్నారా?

ఒహాయో వాణి
అవునండీ. 128 త్రికోణాలూ కత్తిరించి డబ్బాలో పెట్టుకున్నాను. మిషను కుట్టే.

పల్లవి టెక్సాస్
అదిగో, రోగం అక్కడ ఉంది.

కత్తెర మాస్టారు
నలభై ఏళ్ళు వరంగల్‌లో దుకాణం నడిపాను. క్విల్టులు కుట్టలేదు కానీ క్రాసు బట్టతో, అంటే నేతకు ఏటవాలుగా కోసిన బట్టతో, పడిన బాధలు చాలా ఉన్నాయి. రవిక చంకలో క్రాసు ముక్క వేస్తాం, ఎందుకు? అది సాగుతుంది కనుక. అదే గుణం మీ త్రికోణానికి శాపం. చదరాన్ని మూల నుంచి మూలకు కోస్తే ఆ పొడవాటి అంచు నూటికి నూరుపాళ్ళు క్రాసు. చేత్తో ఎత్తినా సాగుతుంది, ఇస్త్రీ పెట్టె తోసినా సాగుతుంది. పడుగు (నిలువు దారాలు) వైపు బట్ట దాదాపు సాగదు, పేక (అడ్డదారాలు) వైపు కొద్దిగా సాగుతుంది, క్రాసులో మాత్రం రబ్బరులా సాగుతుంది.

ఇంకో లెక్క కూడా చూడండి. పాత రోజుల్లో అంగుళాన్ని వీసాలు, పరకలుగా చెప్పేవాళ్ళం. వీసం అంటే పదహారో వంతు, పరక అంటే ఎనిమిదో వంతు. వరుసలో 8 చదరాలుంటే 7 కుట్లు. కుట్టుకు రెండు పక్కలా తలా ఒక వీసం ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, కుట్టుకు పరక చొప్పున ఏడు పరకలు పోయాయి. అంటే అంగుళానికి పరక తక్కువ. మీ మొదటి వరుస ముప్పావు అంగుళం ఎందుకు తగ్గిందో ఇప్పుడు తెలిసిందా? కళ్ళకు కనిపించని తప్పు అది. రెండో వరుస పెరిగింది కదా, అది క్రాసు సాగడం వల్ల. రెండూ వేర్వేరు జబ్బులు. గంజి రెండోదానికి బాగా పనిచేస్తుంది, మొదటిదానికి కొంతవరకే.

ఒహాయో వాణి
మాస్టారూ, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. వీసం అంటే కొంచెం అని మాత్రమే అనుకునేదాన్ని, అది కొలత అని ఇప్పుడే తెలిసింది.

పల్లవి టెక్సాస్
మొదటి జబ్బుకు మందు: పాత కాగితం మీద సరిగ్గా పావు అంగుళం గీత గీసి, కాగితాన్ని మిషను కింద పెట్టి సూదిని ఆ గీత మీదకు దింపండి. కాగితం అంచు ఎక్కడ ఉందో అక్కడ మిషను మీద రంగు టేపు అతికించండి. పావుకు ఒక దారం మందం తక్కువగా కుట్టండి, ఎందుకంటే కుట్టు మడత తిరిగేచోట కూడా కొంత బట్ట పోతుంది.

రెండో జబ్బుకు: అసలు త్రికోణాలు కత్తిరించవద్దు! చీర చదరం ఒకటి, తెల్ల చదరం ఒకటి, 5 అంగుళాలవి తీసుకుని ముఖాముఖి పెట్టండి. వెనక మూల నుంచి మూలకు పెన్సిలు గీత గీసి, గీతకు అటూ ఇటూ పావు అంగుళం దూరంలో రెండు కుట్లు వేయండి. ఆ తర్వాత గీత మీద కోయండి. ఒక జతకు రెండు చదరాలు వస్తాయి. క్రాసు అంచు పుట్టకముందే దానికి కుట్టు పడిపోయింది, ఇక సాగేందుకు వీలు లేదు. వచ్చినవి 4 అంగుళాల 5 పరకలు ఉంటాయి, వాటిని 4న్నరకు సరిచేసుకోవాలి. 64 చదరాలకు 32 జతలు చాలు.

కచ్చితంగా కుట్టగలమనే ధైర్యం ఉన్నవాళ్ళు 5కు పరక తక్కువతో కత్తిరిస్తారు, అప్పుడు సరిచేసే పని ఉండదు. నాకు ఆ ధైర్యం ఇంకా రాలేదు.

సూదిమొన
అంటే గంజి లేకుండానే పని అయిపోతుందన్నమాట! నేను చెప్పలేదూ?

పల్లవి టెక్సాస్
తొందరపడకండి అక్కా. పాత చీరలో 5 అంగుళాల చదరం కత్తిరించడం మీరు ప్రయత్నించారా? రూలరు కింద బట్ట నీళ్ళలా జారుతుంది. చదరమే చదరం కాకపోతే తక్కినదంతా దండగ. నాలుగు పొరలు ఒకేసారి రోటరీ కట్టర్‌తో కోయాలంటే గంజి కావాలి.

కత్తెర మాస్టారు
రోటరీ కట్టర్ అంటే ఆ పిజ్జా కోసే చక్రంలాంటిదేనా? మా మనవరాలు తెచ్చింది. నేను కత్తెర వదలలేదు.

పల్లవి టెక్సాస్
అదే మాస్టారూ. జపాన్‌లో ఓల్ఫా వాళ్ళు 1979లో తెచ్చారు. అంతకుముందు ఇక్కడ కూడా అట్టముక్క పెట్టి గీసి, కత్తెరతోనే కత్తిరించేవారు.

పడుగుపేక
మాది చీరాల వైపు, చేనేత కుటుంబం. గంజి అనగానే నాకు మా వీధి గుర్తొస్తుంది. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి, కుంచెలతో గంజి పట్టించి, దారాలు ఒకదానికొకటి అంటుకోకుండా దువ్వేవారు. గంజి పట్టని పడుగు మగ్గం మీద రాపిడికి తెగుతుంది. ఎండ బాగా ఎక్కకముందే పని ముగించాలి, లేకపోతే దారం పెళుసు బారుతుంది. అందుకే గంజిలో కాస్త నూనె కూడా కలిపేవారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొత్త చేనేత బట్ట దుకాణంలో గట్టిగా ఉందని మోసపోకండి. అది మగ్గం గంజి. మొదటి ఉతుకులో అదీ పోతుంది, బట్టా కాస్త ముడుచుకుంటుంది. కాబట్టి కొత్త బట్టను ముందు ఉతికి, ఆ గంజి వదిలించి, తర్వాత మీ గంజి మీరు పెట్టుకోండి. వాణి గారి అమ్మగారి చీరలకు ఆ భయం లేదు, అవి ఎన్ని నీళ్ళు చూశాయో. భయం ఆ కొత్త తెల్లబట్టతోనే.

ఇంకొకటి. పాత చీరను వెలుతురుకు పట్టి చూడండి. నేత పల్చబడి చుక్కల్లా వెలుగు వచ్చేచోట్ల గంజి పెట్టినా లాభం లేదు. గంజి బట్టకు బిరుసు ఇస్తుంది, బలం ఇవ్వదు. ఆ చోట్లు వదిలేయండి, లేదా వెనక పల్చటి కొత్త బట్ట వేసి కుట్టండి. కుచ్చిళ్ళ దగ్గర, కింది అంచు దగ్గర ఎక్కువ అరిగి ఉంటుంది, రవిక ముక్క వైపు ఎప్పుడూ బాగుంటుంది.

ఒహాయో వాణి
ఇప్పుడే కిటికీకి పట్టి చూశాను. పచ్చ చీర బాగానే ఉంది. ఎర్ర చీరలో కుచ్చిళ్ళ చోటు జల్లెడలా ఉంది. అమ్మ ఎక్కువగా కట్టింది ఎర్రదే అని చీరే చెప్పింది.

సరే, గంజి పెడతాను. ఎలా పెట్టాలి? ఇక్కడ డబ్బాలో స్ప్రే దొరుకుతుంది, చిక్కటి ద్రవం సీసాలో దొరుకుతుంది. ఇంట్లో చేసుకోవచ్చా?

గంజినీళ్ళు
కొనడం ఎందుకమ్మా! అన్నం వార్చిన రోజుల్లో గంజి ఊరికే వచ్చేది. కుక్కరు వచ్చి ఆ భాగ్యం పోగొట్టింది. నా పద్ధతి చెబుతాను. పిడికెడు సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టు. లీటరు నీళ్ళు పోసి గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించు, కలుపుతూనే ఉండాలి, అడుగంటితే గోధుమ రంగు మరకలు పడతాయి. దించి, పాత పంచె గుడ్డలో వడకట్టు. వడకట్టకపోతే ముద్దలు బట్టకు అంటుకుంటాయి, ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటాయి, నీ ప్రాణానికి అంటుకుంటాయి. గరిటె వెనక పల్చగా పట్టి జారిపోవాలి, అదీ పాకం. కొత్తగా చేసేవాళ్ళు చిక్కగా చేసుకుంటారు. పల్చటి గంజి రెండుసార్లు పెట్టడం మేలు.

ముదురు రంగులకు బియ్యపు గంజి తెల్లచారలు కొడుతుంది. ఎర్ర చీరకు సగ్గుబియ్యమే పెట్టు.

బట్టను ముందు మామూలు నీళ్ళలో తడిపి పిండి, ఆ తడిబట్టను గంజిలో ముంచు. పొడిబట్టను ముంచితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తాగుతుంది. నీడలో ఆరెయ్యి. పూర్తిగా ఎండనివ్వకు, కాస్త తడి పదునుగా ఉండగానే ఇస్త్రీ చెయ్యి. ఎండిపోతే నీళ్ళు చిలకరించి, చుట్టపెట్టి, అరగంట వదిలెయ్యి. చేసిన గంజి ఆ పూటకే. మర్నాటికి పులిసి వాసన వస్తుంది, ఆ వాసన బట్టనూ వదలదు.

రసాయనం
జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పాను, అందుకే నోరు ఊరుకోదు. పిండి పదార్థం చల్లటి నీళ్ళలో కరగదు, తేలుతూ ఉండి అడుగుకు దిగుతుంది. దాదాపు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర రేణువులు ఉబ్బి, పగిలి, చిక్కటి జిగురవుతాయి. అందుకే ఉడికించాలి. చల్లటి నీళ్ళలోనే కలిసే గంజి పొడులు ముందే ఉడికించి ఆరబెట్టినవి. ఇండియాలో ఉన్నవాళ్ళకు రివైవ్‌లాంటివి ఇంటి గంజి కంటే సుళువు.

వాణి గారు మొక్కజొన్న పిండి వాడవచ్చు, అక్కడ ప్రతి వంటింట్లో ఉంటుంది. పెద్ద చెంచా పిండిని కొద్ది చల్లటి నీళ్ళలో కలిపి, మరుగుతున్న అర లీటరు నీళ్ళలో పోసి ఒక నిమిషం తిప్పితే స్ప్రే సీసాకు సరిపడే పల్చటి గంజి వస్తుంది. అప్పడంలా పెళపెళలాడాలంటే పిండి రెట్టింపు చేసి, స్ప్రేకు బదులు ముంచండి.

స్ప్రే కొట్టగానే ఇస్త్రీ పెట్టె పెట్టకండి. గంజి దారంలోకి ఇంకడానికి ఒకటి రెండు నిమిషాలు ఇవ్వాలి. లేకపోతే అది పైనే ఉడికి తెల్లటి పొట్టులా రాలుతుంది. గోధుమ రంగులోకి మారితే వేడి ఎక్కువైందని అర్థం.

సూదిమొన
ఎర్ర చీర రంగు దిగితే? తెల్లబట్ట పక్కన ఉంది. రాళ్ళ ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుంది, మా అమ్మ చెప్పింది.

రసాయనం
క్షమించాలి, అమ్మగారి మాటకు అడ్డు చెబుతున్నాను. ఉప్పు పనిచేసేది రంగు వేసే సమయంలో, తొట్టిలోని రంగును నూలులోకి తోయడానికి. అద్దకం అయిపోయిన బట్టలో వదులుగా మిగిలిన రంగును ఉప్పు పట్టి ఉంచదు. ఆ రంగు పోవాల్సిందే, పోయేదాకా ఉతకాల్సిందే. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు అంటితే ఇంకో నీళ్ళు పోయండి.

సూదిమొన
మా ఇంట్లో పనిచేసింది మరి.

పడుగుపేక
ఉప్పు వేసి రెండుమూడు నీళ్ళలో జాడించి ఉంటారు. పనిచేసింది ఆ జాడింపు.

సూదిమొన
కావచ్చు. అయినా నేను ఉప్పు వేస్తూనే ఉంటాను.

పల్లవి టెక్సాస్
నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, ఎవరూ చేయకండి. మొదటి క్విల్టుకు కొత్త నూలు బట్ట ఉతక్కుండా 5 అంగుళాల చదరాలు కత్తిరించేశాను. ఆ తర్వాత ఎవరో గంజి మాట చెబితే, కత్తిరించిన ముక్కలకే స్ప్రే కొట్టి ఇస్త్రీ చేశాను. తడి, వేడి రెండూ తగలగానే ముక్కలు ముడుచుకున్నాయి, అదీ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. చదరాలు పోయి దీర్ఘచతురస్రాలు మిగిలాయి. గంజి ఎప్పుడూ కత్తిరించడానికి ముందే. ఉతకడం, గంజి, ఆరబెట్టడం, ఇస్త్రీ, కత్తెర, ఈ వరుస మారకూడదు.

ఇస్త్రీ కూడా బట్ట మీద పెట్టెను తోయడం కాదు. పెట్టి, నొక్కి, ఎత్తి, పక్కన పెట్టాలి. తోస్తే గంజి బట్ట కూడా సాగుతుంది. అలా సాగిన వంకర అలాగే గట్టిపడి కూర్చుంటుంది, అదింకా ప్రమాదం.

కత్తెర మాస్టారు
ఆరేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. తడి గంజి బట్టను ఒక మూల క్లిప్పు పెట్టి వేలాడదీస్తే నేత పక్కకు ఒరిగి ఎండుతుంది. తీగ మీద సగానికి, అంచు అంచుకు కలిపి వేయాలి. ఒరిగితే, తడిగా ఉండగానే ఎదురు మూలలు పట్టుకుని లాగి సరిచేయవచ్చు. ఇద్దరు కావాలి ఆ పనికి. మా ఆవిడ, నేను చీరలు అలాగే మడిచేవాళ్ళం, సగం దెబ్బలాట అక్కడే అయ్యేది.

చర్చా నిర్వాహకులు
చర్చ బాగుంది. ఉప్పు గురించి ఇంకో ఆరు వ్యాఖ్యలు వచ్చాయి, వాటిని వేరే చర్చగా మార్చాం. ఇక్కడ గంజి వరకే మాట్లాడుకుందాం.

కొత్త సభ్యురాలు
గంజి బట్టను పురుగు కొడుతుందని భయం. నాకు ఒక పెట్టె నిండా కత్తిరించిన ముక్కలున్నాయి.

గంజినీళ్ళు
కొడుతుంది. బొద్దింకలకు, ఆ వెండిరంగు పురుగులకు గంజి విందు భోజనం. అందుకే మేము పైన దాచే పట్టుచీరల దగ్గర గంజి చీర పెట్టం. గంజి పెట్టిన వారంలో కుట్టేసుకో, కుట్టాక ఉతికేసుకో. ఏడాది దాచుకునేదానికి గంజి పెట్టకు.

రసాయనం
ఉతికాక గంజి పోయిందా లేదా అని అనుమానం ఉంటే, అదే బట్ట పనికిరాని ముక్కను క్విల్టుతో పాటు ఉతికి, దాని మీద టింక్చర్ అయొడిన్ చుక్క వేయండి. నల్లటి నీలం వస్తే ఇంకా గంజి ఉంది. క్విల్టు మీద మాత్రం వేయకండి, మరక మీ పేరు చెప్పుకుంటుంది.

ఒహాయో వాణి (తొమ్మిది రోజుల తర్వాత)
వచ్చానండీ, వార్తలతో.

128 త్రికోణాలూ పక్కన పెట్టేశాను. ఎర్ర చీరలో జల్లెడ చోటు వదిలి, మూడు నీళ్ళు ఉతికాను. మొదటి నీళ్ళకు గుడ్డకు గులాబి రంగు అంటింది, మూడో నీళ్ళకు అంటలేదు. ఉప్పు వేయలేదు (సూదిమొన గారు మన్నించాలి). తెల్లబట్ట కూడా ఉతికాను, గజానికి అంగుళం దాకా తగ్గింది. కత్తిరించాక తగ్గి ఉంటే నా పని అయిపోయేది.

మొదటి వాయి గంజి చిక్కగా చేశాను, గంజినీళ్ళు పిన్నిగారు వద్దన్నా వినకుండా. పచ్చ చీర సగం నిజంగానే అప్పడమైంది. మడిస్తే మడత దగ్గర తెల్లగీత పడింది. మళ్ళీ నీళ్ళలో వేసి గంజి వదిలించి, పల్చగా రెండుసార్లు పెట్టాను. ఈసారి రూలరు కింద కదల్లేదు. కట్టర్ దూసుకుపోయింది. పల్లవి గారి పద్ధతిలో ముందే కుట్టి తర్వాత కోశాను.

కొలతలు: మొదటి వరుస 32న్నర. రెండోది 32న్నరకు వీసం తక్కువ. మూడోది 32న్నర. కుట్లు కుట్లు ఎదురెదురుగా వచ్చి కలుస్తుంటే ముద్దొచ్చింది.

ఒక్కటి మాత్రం చెడింది. మధ్యలో పాప పేరు బట్ట అక్షరాలుగా అతికిద్దామనుకున్నాను, ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు కాగితంతో. గంజి బట్టకు అది సరిగ్గా పట్టలేదు, ఒక మూల లేచిపోయింది.

పల్లవి టెక్సాస్
పట్టదు. ఆ జిగురు దారానికి పట్టాలి, గంజి మధ్యలో అడ్డం వస్తుంది. ఆ చదరం వరకు తడిగుడ్డతో గంజి తుడిచి, ఆరాక అతికించండి. లేదా క్విల్టు మొత్తం ఉతికాక పేరు చేత్తో కుట్టండి.

సూదిమొన
చేత్తోనే కుట్టమ్మా. ఉతికాక, గంజి పోయాక. కాడ కుట్టుతో వేస్తే ఒక సాయంత్రం పని. ఇందులో గంజితో నాకు పేచీ లేదు.

ఒహాయో వాణి
అలాగే చేస్తాను అక్కా. చివరి సందేహం: చుట్టూ అంచు పట్టీ ఎర్ర చీరతో వేయాలి. రెండున్నర అంగుళాల వెడల్పు, మధ్యకు మడిచి. అది క్రాసులో కత్తిరించాలా, నిలువులోనా? దానికీ గంజి పెట్టాలా?

కత్తెర మాస్టారు
అంచులు తిన్ననివి కదా, నిలువులోనే కత్తిరించండి. క్రాసు పట్టీ వంపు ఉన్నచోటే కావాలి. గంజి చాలా పల్చగా, ఒక్కసారి. పట్టీ మూల దగ్గర మడత తిరగాలి. అప్పడం తిరగదు.

గంజినీళ్ళు
ఆ ఎర్ర చీరలో రవిక ముక్క వైపు మిగిలిందా? పట్టీ దానితో వెయ్యి. రాపిడి అంతా అంచుకే.

ఒహాయో వాణి
మిగిలింది పిన్నిగారూ. సగ్గుబియ్యం నానబెట్టి వచ్చాను.